వాన జాకెట్ పాడవలేదు టీచర్ గారూ, ముందు సరిగ్గా ఉతికి చూడండి

ప్రశ్న: నేను హనుమకొండలో ఉంటాను, గవర్నమెంట్ స్కూల్ టీచర్‌ని, రోజూ స్కూటీ మీద ములుగు రోడ్డులో ఒక ఊరికి పోయి వస్తాను. నాలుగేళ్ళ కింద మా తమ్ముడు కెనడా నుంచి గోర్‌టెక్స్ జాకెట్ తెచ్చిచ్చాడు. మొదట్లో ఎంత వాన పడినా నీళ్ళు బొట్లు బొట్లుగా జారిపోయేవి. పోయినేడు నుంచి భుజాల మీద, చేతుల మీద బట్ట తడిసి నల్లగా అయిపోతోంది, స్కూల్‌కి చేరేసరికి లోపల కుర్తా అంతా చెమ్మ. ఉతికితే పాడవుతుందని చాలా రోజులు ఉతకలేదు, ఈ మధ్య ఒకసారి పౌడరు, సాఫ్ట్‌నర్ వేసి మెషీన్లో ఉతికితే ఇంకా ఎక్కువైంది. షాపులో అడిగితే కోటింగ్ పోయింది కొత్తది కొనమన్నారు. మెకానిక్ సిలికాన్ స్ప్రే కొట్టమన్నాడు. యూట్యూబ్‌లో పటిక, కొవ్వొత్తి అంటున్నారు. మా వారి రెయిన్ సూట్ లోపలేమో తెల్లగా పొరలు రాలుతున్నాయి, బాబు రెయిన్‌కోట్ జిగటగా అంటుకుంటోంది. వీటిల్లో ఏది బాగుపడుతుంది, ఏది పడేయాలి?

సమాధానం:

టీచర్ గారూ, మీ జాకెట్ పడేయకండి. మీరు రాసిన లక్షణాలన్నీ మురికి పట్టి, ఆ మురికి మీద సాఫ్ట్‌నర్ కూడా పట్టిన జాకెట్‌వి, చిల్లు పడ్డ జాకెట్‌వి కాదు. ఒక ఆదివారం, ఒక బకెట్, ఒక ఇస్త్రీ పెట్టె, ఇంతలో చాలావరకు తేలిపోతుంది. మీ వారి సూట్‌కి మాత్రం నిజంగానే వయసైపోయింది, బాబుది ఇంకో రకం. మూడూ వాన బట్టలే గానీ మూడూ మూడు రకాలు, ఒకదానికి మందు అయింది ఇంకోదానికి విషం అవుతుంది, మీకు ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పడానికి కారణం కూడా అదే, ఎవరూ ఇది ఏ రకం కోటు అని అడగలేదు.

ముందు మీ జాకెట్ ఎలా పనిచేస్తుందో తెలియాలి, ఇది తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమైపోతుంది. దాంట్లో వాన నీళ్ళని ఆపేది పైకి కనిపించే బట్ట కాదు. ఆ బట్టకి లోపలి వైపు అతికించిన ఒక పల్చటి పొర ఉంటుంది, మెంబ్రేన్ అంటారు. 1969లో అమెరికాలో బాబ్ గోర్ అనే ఆయన టెఫ్లాన్ కడ్డీని వేడి చేసి ఒక్కసారిగా లాగితే అది తెగిపోకుండా సాగి లోపలంతా సన్నటి రంధ్రాలు పడ్డాయి, అదే ఈ గోర్‌టెక్స్ పొర, 1976 నుంచి బట్టల్లోకి వచ్చింది. ఆ రంధ్రాల్లోంచి నీటి బొట్టు దూరలేదు, కానీ మన చెమట ఆవిరి మాత్రం బయటికి పోతుంది. కాబట్టి వానని ఆపేది ఈ లోపలి పొర. మరి పైన నీళ్ళు బొట్లుగా జారిపోవడం ఏంటంటే అది పై బట్టకి పూసిన వేరే పూత, డీడబ్ల్యూఆర్ అంటారు, నీళ్ళని అంటనివ్వని సన్నటి పూత. తామరాకు మీద నీటిబొట్టు అంటామే, ఆ పనే ఇది చేస్తుంది.

ఇప్పుడు ఆ పై పూత మీద మురికి పేరుకుంటే ఏమవుతుందంటే, మెంబ్రేన్ బాగానే ఉన్నా పై బట్ట మాత్రం నీళ్ళు తాగేస్తుంది. మీరు నల్లగా అయిపోతోంది అన్నది అదే. బట్ట నీళ్ళు తాగి బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది, చల్లగా తగులుతుంది, అన్నిటికంటే ముఖ్యం ఏంటంటే ఆ తడి బట్ట మూతలాగా అడ్డం పడిపోయి మీ చెమట ఆవిరి బయటికి పోలేదు, ఆ చల్లటి పొరకి తగిలి లోపలే నీళ్ళవుతుంది. కుర్తాకి తగిలిన చెమ్మలో ఎక్కువ భాగం వాన కాదు, మీ చెమటే. చాలామంది ఇక్కడే జాకెట్ లీకవుతోంది అనుకుని కొత్తది కొనేస్తారు, చూస్తుంటే బాధేస్తుంది, ఎందుకంటే ఖరీదైన వస్తువు, లోపలి పొర ఇంకా చాలా ఏళ్ళు వచ్చేది, ఒక్క ఉతుకు దగ్గర చెత్తబుట్టకి పోతుంది.

లీకో చెమటో తేల్చుకోవడం కష్టం కాదు. జాకెట్‌ని బల్ల మీద పరిచి భుజం దగ్గర లోపల పొడి న్యూస్‌పేపర్ మడిచి పెట్టండి, పైనుంచి బట్టని కొంచెం గుంటలాగా చేసి ఆ గుంటలో ఒక గ్లాసు నీళ్ళు పోసి ఓ పది నిమిషాలు వదిలేయండి. చేత్తో ముట్టుకుని చూడొద్దు, తడి బట్ట చల్లగా ఉండి లోపల కూడా తడిసినట్టే అనిపిస్తుంది, చెయ్యి మోసపోతుంది, పేపర్ మోసపోదు. పేపర్ పొడిగా ఉంటే పొర బాగున్నట్టే. కుట్టు వెంబడి గీతలాగా తడిస్తే లోపల కుట్టు మీద అతికించిన పట్టీ, సీమ్ టేప్ అంటారు, అది లేచినట్టు. మధ్యలో చుక్కలాగా తడిస్తే అక్కడ చిల్లు ఉన్నట్టు, దానికి బయట అతికించే ప్యాచ్‌లు దొరుకుతాయి. పేపర్ అంతా సమానంగా నానిపోతే మాత్రం పొర అరిగిపోయిందని అర్థం, అప్పుడు షాపు వాళ్ళ మాట నిజమవుతుంది.

ఇక ఉతకడం. మీరు చాలా రోజులు ఉతకలేదన్నారు, మన దగ్గర చాలామందికి ఇదే నమ్మకం, వాన బట్టని సబ్బుకి చూపించకూడదని. గొంగడి విషయంలో అది కరెక్టే, గొర్రె ఉన్నిలో సహజంగా ఉండే కొవ్వు నీళ్ళని ఆపుతుంది, సబ్బు పెట్టి బాగా ఉతికితే ఆ కొవ్వు పోతుంది, అందుకే కాపరులు గొంగడిని ఊరికే ఉతకరు. కానీ ఈ జాకెట్‌కి అది పూర్తిగా తిరగబడుతుంది, దీన్ని ఉతక్కపోవడమే దీనికి చేటు. మీరు రోజూ లారీల వెనక వెళ్తారు, డీజిల్ పొగ మసి, ఎర్రమట్టి నీళ్ళు, మెడ దగ్గర చెమట ఉప్పు, హుడ్‌కి తలకి రాసుకున్న కొబ్బరినూనె, ముఖానికి రాసిన సన్‌స్క్రీన్, ఇవన్నీ ఆ పూత మీద కూర్చుంటాయి. పూత కింద బానే ఉంటుంది కానీ నీటి బొట్టుకి తగిలేది పూత కాదు, మురికి. మురికికి నీళ్ళంటే ఇష్టం, పీల్చేసుకుంటుంది.

నూనె గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. పాత రోజుల్లో ఈ పూతలు ఎక్కువగా ఫ్లోరిన్ ఉన్న రసాయనాలతో చేసేవాళ్ళు, అవి నీళ్ళనే కాదు నూనెని కూడా దగ్గరికి రానిచ్చేవి కావు. కానీ అవి నేలలో, నీళ్ళలో, మన రక్తంలో ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా ఉండిపోతాయని తేలింది, 2019లో స్టాక్‌హోం అనే అంతర్జాతీయ ఒప్పందంలో వాటిల్లో ముఖ్యమైన పీఎఫ్ఓఏ అనే దాన్ని నిషేధించాల్సిన జాబితాలో చేర్చారు, అమెరికాలో కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాలు 2025 జనవరి నుంచి కొత్త బట్టల్లో ఈ రసాయనాల కుటుంబం మొత్తాన్నే, పీఎఫ్ఏఎస్ అంటారు, ఆపేశాయి, భారీ వానలకి ప్రత్యేకంగా చేసే వాటికి మాత్రం 2028 దాకా టైమిచ్చాయి. ఆపాల్సిందే, నాకు దాంట్లో రెండో మాట లేదు. కానీ వాటి బదులు వచ్చిన మైనం, సిలికాన్ రకం పూతలు నీళ్ళని బాగానే ఆపుతాయి గానీ నూనెని ఆపలేవు. అంటే కొత్త రకం జాకెట్ ఉన్నవాళ్ళు పాత రకం వాళ్ళకంటే ఎక్కువసార్లు ఉతకాలి. మీ జాకెట్ లోపల లేబుల్ మీద పీఎఫ్‌సీ ఫ్రీ అనో పీఎఫ్ఏఎస్ ఫ్రీ అనో, అంటే ఆ ఫ్లోరిన్ రసాయనాలు లేవని, ఉందేమో చూడండి, ఉంటే హుడ్, కాలర్ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండండి, తలకి నూనె పెట్టుకున్న రోజు హుడ్ లోపల ఒక స్కార్ఫ్ కట్టుకోండి చాలు.

మీరు వేసిన సాఫ్ట్‌నర్ సంగతి. సాఫ్ట్‌నర్ పనే బట్ట పోగుల మీద ఒక జారుడు పొర వదిలిపెట్టడం, ఆ పొర నీళ్ళని పిలుస్తుంది. అందుకే ఉతికాక ఇంకా ఎక్కువైంది. పౌడర్ కూడా అంతే, పూర్తిగా కరగకుండా పోగుల మధ్య మిగిలిపోతుంది, మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ ఉంటే ఇంకా పేరుకుంటుంది. కంగారు పడకండి, ఇది పోయేదే, కానీ ఒక్క జాడింపుతో పోదు.

మెషీన్ మాత్రం వద్దు. విదేశాల్లో వాళ్ళు హాయిగా మెషీన్లో వేయమంటారు, వాళ్ళ ముందు తలుపు మెషీన్లకి అది నడుస్తుంది. మన ఇళ్ళల్లో ఎక్కువ ఉండే పైనుంచి వేసే మెషీన్ల మాన్యువల్ తీసి చదవండి, రెయిన్‌కోట్ లాంటి నీళ్ళు దూరని బట్టలు వేయొద్దని చాలా కంపెనీలు రాస్తాయి. కారణం ఏంటంటే స్పిన్ తిరిగేటప్పుడు నీళ్ళు బట్టలోంచి బయటికి పోలేక ఒక సంచిలాగా ఒక పక్క నిలబడిపోతాయి, డ్రమ్ బరువు ఒక పక్కకి పడి మెషీన్ మొత్తం ఎగిరెగిరి పడుతుంది, డ్రమ్ విరిగే ప్రమాదం కూడా ఉంది. మీరు ఒకసారి వేశారు, ఏమీ కాలేదు, మంచిదే, మళ్ళీ వేయకండి. మీకు ముందు తలుపు మెషీన్ ఉన్నా మాన్యువల్ చూసే వేయండి, స్పిన్ తగ్గించి వేయండి.

కాబట్టి చేత్తోనే. ముందు జేబులు ఖాళీ చేసి జిప్‌లన్నీ వేసేయండి, వెల్క్రోలు అతికించేయండి, లేకపోతే ఆ గరుకు వెల్క్రో పై బట్టని గీకేస్తుంది. పెద్ద బకెట్‌లో గోరువెచ్చటి నీళ్ళు, చెయ్యి పెడితే హాయిగా ఉండాలి కాలకూడదు. దాంట్లో రెండు చెంచాల లిక్విడ్ డిటర్జెంట్, అది కూడా సువాసన, సాఫ్ట్‌నర్ కలిపింది కాకుండా మామూలుది. నిక్‌వాక్స్, గ్రేంజర్స్ లాంటి కంపెనీలు ఈ బట్టలకోసమే వాష్ లిక్విడ్ చేస్తాయి, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, మీ జాకెట్‌కి సాఫ్ట్‌నర్ పట్టింది కాబట్టి ఈ ఒక్కసారికి అదే కొనమంటాను, అది వెనక ఏమీ మిగల్చకుండా పోతుంది. పావుగంట నానబెట్టి నెమ్మదిగా ముంచుతూ తీస్తూ ఉండండి, బండకేసి కొట్టడం, బ్రష్‌తో రుద్దడం, మెలిపెట్టి పిండడం ఈ మూడూ చెయ్యొద్దు, మెలిపెడితే లోపలి పొర దెబ్బతినొచ్చు. కాలర్, చేతుల అంచులు, హుడ్ ముందు భాగం ఈ చోట్ల మాత్రం ఒక చుక్క లిక్విడ్ వేసి మెత్తటి స్పాంజితో గుండ్రంగా తిప్పండి. మొదటి నీళ్ళు ఏ రంగులో వస్తాయో చూడండి, ఎన్నాళ్ళనుంచో ఉతకని జాకెట్ నుంచి టీ డికాషన్ రంగు నీళ్ళు దిగుతాయి, ఆ నీళ్ళు చూశాక మళ్ళీ ఎవరూ వాన జాకెట్ ఉతకొద్దని అనరు.

జాడించడం దగ్గరే అసలు కిటుకు ఉంది. నురగ పోయింది కదా అని ఆపేయొద్దు. నీళ్ళు మార్చి మార్చి జాడించండి, చివరికి బకెట్‌లో జాకెట్‌ని గట్టిగా ఆడించినా ఒక్క బుడగ కూడా రాకూడదు. చివరి రెండు జాడింపులకి బోరు నీళ్ళు కాకుండా కార్పొరేషన్ నల్లా నీళ్ళు వాడండి, లేదంటే ఈ సీజన్లో డాబా మీద పట్టిన వాన నీళ్ళు, ఉప్పు లేని నీళ్ళు అంతకంటే మంచివి దొరకవు. తర్వాత హ్యాంగర్‌కి తగిలించి నీడలో ఆరబెట్టండి. ఎండలో వేయొద్దు, ఎండ పూతని, అతుకుల జిగురుని రెండిటినీ తినేస్తుంది.

ఆరిపోయాక వేడి, దీన్ని మన దగ్గర దాదాపు ఎవరూ చెయ్యరు, అసలు చాలామందికి ఇలాంటిది ఉందని కూడా తెలీదు. ఆ పూత అణువులు సన్నటి గొలుసుల్లాగా బట్ట మీద నిలబడి ఉంటాయి, రాపిడికి, మడతలకి, ఉతుకుకి అవి వంగిపోయి పడుకుంటాయి. వేడి తగిలితే మళ్ళీ లేచి నిలబడతాయి. అందుకే విదేశాల్లో ఆరిన తర్వాత కూడా డ్రయ్యర్‌లో ఒక 20 నిమిషాలు తిప్పమంటారు. మనకి డ్రయ్యర్ లేదు, ఇస్త్రీ పెట్టె ఉంది. ముందు లేబుల్ మీద ఇస్త్రీ బొమ్మ చూడండి, దాని మీద అడ్డంగా గీతలు కొట్టి ఉంటే ఇస్త్రీ వద్దని అర్థం, అప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం కొంచెంగా చేస్కోండి, టైమ్ పడుతుంది అంతే. బొమ్మలో ఒక చుక్క ఉంటే తక్కువ వేడి, నైలాన్ గుర్తు దగ్గర పెట్టండి, ఆవిరి ఆపేయండి, జాకెట్ మీద పల్చటి నూలు తువ్వాలు పరిచి ఆ తువ్వాలు మీదనుంచే ఇస్త్రీ చెయ్యండి. ఒక్కో చోట కొన్ని సెకన్లు చాలు, పెట్టెని ఆపకుండా కదుపుతూ ఉండాలి. మెరిసే రిఫ్లెక్టర్ పట్టీలు, రబ్బరు లోగో, జిప్‌లు వీటి జోలికి పోవద్దు, కరిగిపోతాయి. మొదట చేతి లోపలి అంచు దగ్గర చిన్న ముక్క మీద చేసి చూసుకుని తర్వాత భుజాలకి రండి. బొగ్గుల ఇస్త్రీ పెట్టె వాళ్ళకి ఇవ్వొద్దు, ఎంత మంచి పనివాళ్ళయినా ఆ వేడి మన చేతిలో ఉండదు.

ఇప్పుడు మళ్ళీ నీళ్ళు పోసి చూడాలి, ఊరికే చిలకరిస్తే సరిగ్గా తెలీదు. బట్టల పరీక్షలు చేసే ల్యాబుల్లో ఒక పద్ధతి ఉంది, బట్టని రింగులో బిగించి 45 డిగ్రీల వాలులో పెట్టి 15 సెంటీమీటర్ల పైనుంచి పావు లీటరు నీళ్ళు షవర్‌లాగా పోసి, తర్వాత రింగుని తట్టి బట్ట ఎంత తడిసిందో చూసి మార్కులేస్తారు, అస్సలు తడవకపోతే 100, అక్కడక్కడ చుక్కలైతే 90, నీళ్ళు పడిన చోటల్లా తడిస్తే 80, అలా కిందికి. మీ ఇంట్లో ఎంబ్రాయిడరీ రింగు ఉంటే భుజం దగ్గర బట్టని దాంట్లో వదులుగా పట్టి, వాలుగా పెట్టి, మూతకి చిల్లులు పెట్టిన నీళ్ళ సీసాతో ఒక గ్లాసుడు పోయండి. టీచర్ కదా, మీరే మార్కులు వేసుకోండి. బొట్లు గుండ్రంగా నిలబడి జారిపోతే పని అయిపోయినట్టే, ఇంకేమీ కొనక్కర్లేదు. బొట్టు పల్చగా పరుచుకుని కాసేపటికి కింద బట్ట నల్లబడితే, ఉతుకు సరిపోయింది కానీ పూత అక్కడ నిజంగానే అరిగిపోయిందని అర్థం. ఇది ఎక్కువగా బ్యాగు పట్టీలు రాసుకునే భుజాల దగ్గర, మోచేతుల దగ్గర జరుగుతుంది, మీరు స్కూల్ బ్యాగు వీపుకి వేసుకుంటే మీకు భుజాలు పోయుంటాయి.

అలా అరిగిన చోటికి మాత్రమే కొత్త పూత వేయాలి. నీళ్ళలో కలిపి ఉతికేది ఒకటి, స్ప్రే ఒకటి, రెండు రకాలు దొరుకుతాయి, మీరు స్ప్రేనే తీసుకోండి, ఎందుకంటే నీళ్ళలో కలిపేది జాకెట్ లోపలి లైనింగ్‌కి కూడా పట్టేస్తుంది, లోపలి బట్ట చెమట పీల్చాలి గానీ తోసేయకూడదు. ఉతికిన జాకెట్ ఇంకా తడిగా ఉండగానే హ్యాంగర్‌కి తగిలించి స్ప్రే చెయ్యాలని చాలా సీసాల మీద ఉంటుంది, మీ సీసా మీద ఏం రాశారో అదే చెయ్యండి. కొట్టాక రెండు నిమిషాలాగి తడిగుడ్డతో ఎక్కువైన దాన్ని తుడవకపోతే తెల్లటి చారలు పడతాయి. గదిలో కొట్టొద్దు, డాబా మీదకి పోయి గాలి వీపు వైపు ఉండేలా నిలబడి మాస్క్ పెట్టుకుని కొట్టండి, పిల్లలు పక్కన ఉండకూడదు, గ్యాస్ డబ్బా రకం స్ప్రేలు మూసిన గదిలో కొట్టి ఊపిరితిత్తులు దెబ్బతిని హాస్పిటల్ పాలైన కేసులు డాక్టర్ల రికార్డుల్లో ఉన్నాయి. నొక్కితే తుంపర్లుగా వచ్చే నీళ్ళ రకం పంపు సీసా దానికంటే మేలు. పీఎఫ్ఏఎస్ లేనిదే కొనండి, ఆ నీళ్ళన్నీ చివరికి మన మోరీలోకి, చెరువులోకే పోతాయి.

మెకానిక్ చెప్పిన సిలికాన్ స్ప్రే వద్దు. అది తాళాలకి, బీడింగులకి చేసింది, ఆయన ఆయనకి తెలిసిన మంచి చెప్పాడు, కానీ దాంట్లో ఉండే సాల్వెంట్ మీ జాకెట్ కుట్ల మీద అతికించిన టేపు జిగురుని కరిగించొచ్చు, పైగా జిడ్డు మరకలు పడి దుమ్ము ఇంకా పట్టుకుంటుంది. కొవ్వొత్తి, పటిక చిట్కాలు అబద్ధం కాదు, పాత కాలం నుంచి ఉన్నవే, సబ్బు నీళ్ళలో ముంచి తర్వాత పటిక నీళ్ళలో ముంచితే నీళ్ళలో కరగని ఒక రకం సబ్బు పోగుల మధ్య పేరుకుని నీళ్ళని ఆపుతుంది. కానీ అది మందపాటి నూలు కాన్వాస్ కోసం, గుడారం గుడ్డకి, కాన్వాస్ బ్యాగుకి. మీ జాకెట్ నైలాన్ లాంటి సింథటిక్ బట్ట, దానికి అవి పట్టవు సరికదా ఆవిరి పోయే దారి మూసేస్తాయి. బాబు స్కూల్ బ్యాగు కాన్వాస్‌ది అయితే దానికి కొవ్వొత్తి రుద్ది హెయిర్ డ్రయ్యర్‌తో కరిగించండి, చక్కగా పనిచేస్తుంది.

ఇంకో సంగతి మీకు ముందే చెప్పడం న్యాయం. జాకెట్ ఎంత బాగుచేసినా మన జులై వానల్లో లోపల పూర్తిగా పొడిగా ఉండదు. చెమట ఆవిరి బయటికి పోవాలంటే లోపల గాలి కంటే బయట గాలిలో ఆవిరి తక్కువుండాలి, కెనడా చలిలో ఆ తేడా చాలా ఉంటుంది, మన దగ్గర వాన పడుతుంటే గాలే నీళ్ళతో నిండిపోయి వెచ్చగా ఉంటుంది, ఆవిరికి పోయే తొందర ఉండదు. అందుకని చంకల కింద జిప్‌లు ఉంటే తెరిచి పెట్టుకోండి, లోపల మందం కాటన్ కాకుండా త్వరగా ఆరే పల్చటి కుర్తా వేస్కోండి, స్కూల్‌కి వెళ్ళాక జాకెట్‌ని మడత పెట్టకుండా స్టాఫ్‌రూంలో కుర్చీకి వేలాడదీయండి. కొంచెం చెమ్మ ఉంటే అది జాకెట్ తప్పు కాదు.

మీ వారి రెయిన్ సూట్. బండి మీద వాడే మామూలు నైలాన్ సూట్లకి మెంబ్రేన్ ఉండదు, బట్ట లోపలి వైపు పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ పూత పూస్తారు, పీయూ కోటింగ్ అంటారు. ఇక్కడ నీళ్ళని ఆపేదే ఆ పూత. వేడి, తేమ రెండూ కలిస్తే ఆ ప్లాస్టిక్ లోపల్లోపలే విడిపోతుంది, మొదట జిగటగా అవుతుంది, పుల్లటి వాసన వేస్తుంది, తర్వాత తెల్లటి పొరలుగా రాలుతుంది. అది మొదలయ్యాక ఉతికినా స్ప్రే కొట్టినా ఇస్త్రీ చేసినా తిరిగి రాదు, దాని మీద ఇంక డబ్బు పెట్టకండి. అది అలా అవ్వడానికి సగం కారణం, తడి సూట్‌ని చుట్టచుట్టి స్కూటీ సీటు కింద డిక్కీలో పడేయడం. సీటు తీసి చెయ్యి పెట్టి చూడండి, ఇంజన్ వేడికి లోపల ఎంత వెచ్చగా ఉంటుందో, దాంట్లో తడి ప్లాస్టిక్ సంచి కట్టి రోజుల తరబడి ఉంచితే ఏ పూత బతుకుతుంది. మిగతా సగం నాశనం రోహిణి కార్తెలో జరుగుతుంది, రోళ్ళు పగిలే ఎండల్లో బీరువా పైన రేకుల కింద పెట్టేసి ఉంచుతాం, మృగశిర వచ్చి మొదటి వాన పడినప్పుడు తీస్తే పొరలు రాలుతాయి.

ఈసారి ఆయనకి కొత్తది కొనేటప్పుడు వాటర్ హెడ్ అంకె అడగండి, మిల్లీమీటర్లలో ఉంటుంది, అంత ఎత్తు నీళ్ళు నిలబెట్టినా బట్ట ఆపుతుందని అర్థం. బండి మీద కూర్చునేవాళ్ళకి తొడల మీద గాలికి వాన గట్టిగా కొడుతుంది, సీటు మీద బరువు పడి నీళ్ళు బట్టలోకి తోసుకొస్తాయి, కాబట్టి నడిచేవాళ్ళకి సరిపోయే 1,500, 2,000 బండికి చాలదు, 10,000 దగ్గర్లో ఉన్నది చూడండి. ప్యాంటు తిరగేసి రెండు కాళ్ళు కలిసే చోట కుట్టు చూడండి, ఒళ్ళో నిలిచిన నీళ్ళు అక్కడినుంచే దిగుతాయి, దాని మీద టేపు వెడల్పుగా, బుడగలు లేకుండా అతికి ఉండాలి. టేపు ఒక చోట లేచి, పూత మాత్రం బాగుంటే అది రిపేర్ అవుతుంది, లేచిన చోట సర్జికల్ స్పిరిట్‌తో పాత జిగురు తుడిచి ఆరనిచ్చి సీమ్ సీలర్ అనే కుట్ల జిగురు పూసి ఒక రాత్రి వదిలేయండి. పాత సూట్‌ని పారేయక్కర్లేదు, దాని పై బట్ట గట్టిదే, కత్తిరించి బండి సీటు కవర్‌గా వాడుకోండి.

బాబు రెయిన్‌కోట్ పీవీసీ అయ్యుంటుంది, గట్టి ప్లాస్టిక్ షీటు లాంటిది. దానికి పైన పూత అంటూ ఏమీ లేదు, ఆ షీటే నీళ్ళని ఆపుతుంది, కాబట్టి స్ప్రేలు దానికి అక్కర్లేదు. జిగట ఎందుకంటే ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచడానికి కలిపే నూనె లాంటి పదార్థం మెల్లగా పైకి వచ్చేస్తుంది. పల్చటి సబ్బు నీళ్ళతో తుడిచి బాగా ఆరబెట్టి లోపల బయట కొంచెం టాల్కం పౌడర్ చల్లి, మడత పెట్టకుండా కొక్కేనికి తగిలించండి. ఇస్త్రీ పెట్టె దాని దగ్గరికి కూడా రానివ్వొద్దు, కరిగి పెట్టెకి అంటుకుంటుంది, మీ జాకెట్ ఇస్త్రీ చేసే రోజు ఎవరైనా ఇంట్లో సాయం చేద్దామని అది కూడా చేసేస్తారు, ముందే చెప్పి పెట్టండి. తుడిచాక కూడా రెండు మూడు రోజుల్లో మళ్ళీ జిగట వస్తే, లేదా మడత దగ్గర గట్టిపడి పగులుతుంటే ఇంక మార్చేయండి, పిల్లవాడి ఒంటికి ఆ జిగట రాసుకోవడం మంచిది కాదు.

మీ జాకెట్ ఇకనుంచి వానాకాలం నడుస్తున్నంత కాలం నెలకోసారి ఉతకండి, వాన రోజు ఇంటికి రాగానే మామూలు నీళ్ళతో మట్టి కడిగి నీడలో తగిలించండి. ప్రతిసారీ ఇస్త్రీ అక్కర్లేదు, బొట్టు జారడం తగ్గిందనిపించినప్పుడు చాలు. వానలు అయిపోయాక అక్టోబర్‌లో ఒకసారి ఉతికి బాగా ఆరాక వెడల్పు హ్యాంగర్‌కి వేసి బీరువాలో పెట్టండి. మురికితో పెడితే ఆ చెమట, నూనె అన్ని నెలలూ పూతని, అతుకుల జిగురుని తింటూ కూర్చుంటాయి. ఉతికి ఇస్త్రీ చేశాక రింగులో పెట్టి నీళ్ళు పోస్తే ఎన్ని మార్కులొచ్చాయో, భుజం దగ్గర పేపర్ తడిసిందో లేదో మళ్ళీ రాయండి. పేపర్ కుట్టు వెంబడి తడిస్తే ఆ చోటు లోపలి వైపు ఫోటో కూడా పంపండి, టేపు ఏ రకమో చూస్తే ఏ జిగురు పట్టుకుంటుందో చెప్తాను.